ఉప్పునీటి చేప - ఊరి మంచినీటి చెరువు

పంచాయతీ చెరువులను చేపల పెంపకమునకు కౌలుకిచ్చి, ఆ రాబడితో ఊరి పనులు చక్కబెట్టుకొనుట మన గ్రామములకు క్రొత్త కాదు. ఈ చెరువులలో బొచ్చె, శీలావతి, మోసు వంటి మంచినీటి చేపలే ముఖ్యముగా పెరుగుచున్నవి. కోస్తా జిల్లాలలో పండుగప్పను మంచినీటి చెరువులలో పెంచువారును కలరు. ఈ చేపకు అంగడిలో మంచి ధర పలుకును. కాని దీని పిల్లలు పుట్టునది ఉప్పునీటిలో. వానిని మంచినీటికి ఎట్లు మార్చవలెను, ఆ మార్పువలన ఊరి నీటికి హాని కలుగకుండ పంచాయతీ ఏమి చూచుకొనవలెను అను విషయములను ఇచ్చట వివరింపదలచితిమి.

రెండు నీళ్ల చేప

పండుగప్ప నదీముఖములకు చేరువనున్న సముద్రజలములలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు పోటునీటితో మడ అడవులలోనికి, అచ్చటినుండి నదులలోనికి ఎగబ్రాకి, కొన్ని సంవత్సరములు పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల సముద్రమునకు పోవును. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలజీవుల పెంపక పరిశోధన సంస్థ 1997లో మన దేశమున మొదటిసారిగా దీనిచేత హాచరీలో గ్రుడ్లు పెట్టించి పిల్లలను తీయగలిగినది. హాచరీలో ఈ పిల్లలు పెరుగు నీటిలో లీటరుకు సుమారు 30 గ్రాముల ఉప్పుండును. మంచినీటిలో బ్రదుకు శక్తి ఈ చేపకు స్వభావముచేతనే కలదు. అయితే ఆ శక్తి పనిచేయుటకు వ్యవధి కావలెను.

వ్యవధి ఎందుకు?

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణములుండును. చేప రక్తములో అందు మూడవ వంతు మాత్రమే ఉండును. ఉప్పు చల్లిన మామిడికాయ ముక్క నీరు వదలుటయు, నీటిలో నానబెట్టిన శనగ ఉబ్బుటయు మన ఇండ్లలో చూచునదే. చేప విషయమును ఇంచుమించు ఇట్టిదే. సముద్రములో దాని శరీరమునుండి నీరు వెలికి పోవుచుండును. కావున అది సముద్రపు నీటిని త్రాగి, అందలి అధికమైన ఉప్పును మొప్పలద్వారా బయటికి నెట్టును. మంచినీటిలో దీనికి విరుద్ధముగా జరుగును. నీరు మొప్పలద్వారా లోనికి చొచ్చుకొని వచ్చును. చేప ఆ నీటిని పలుచని మూత్రముగా విసర్జించుచు, నీటిలోనున్న కొద్దిపాటి లవణమును మొప్పలతో గ్రహించి దాచుకొనవలసియుండును.

ఉప్పును నెట్టివేయు మొప్పలు ఉప్పును గ్రహించు మొప్పలుగా మారుట ఒక్క గడియలో జరుగు పని కాదు. అందుకు కొన్ని దినములు పట్టును. తొందరపడి పిల్లలను ఒక్కసారిగా చెరువులో వదలినచో, రక్తములోని లవణము పలుచబడి అవి చచ్చిపోవును. కొన్ని వెంటనే చావక, నీరసించి, తరువాత చచ్చును. అప్పుడు రైతు నెపమును మేతమీదనో, విత్తనముమీదనో వేయును.

మార్చు విధానము

రోజుకు లీటరుకు 5 గ్రాముల చొప్పున ఉప్పు తగ్గించుట క్షేమకరమైన పద్ధతి. ఇందుకు లెక్క సులభము. తొట్టెలోని నీటిలో 30 గ్రాములున్నచో, మొదటి దినమున ఆరవ వంతు నీరు తీసి అంత మంచినీరు పోసిన 25 గ్రాములగును. రెండవ దినమున ఐదవ వంతు, మూడవ దినమున నాలుగవ వంతు, నాల్గవ దినమున మూడవ వంతు, ఐదవ దినమున సగము మార్చిన 5 గ్రాములు మిగులును. 10 గ్రాములకు దిగువనే మొప్పల పని తలక్రిందులగును గనుక, అచ్చటినుండి మరింత నిదానము వహింపవలెను. నీటిని సన్నని గొట్టముతో కొన్ని గంటలసేపు పోయవలెను. గాలి మరలు ఆగరాదు. క్లోరిను కలిపిన కుళాయినీరు పనికిరాదు. చెరువులో వదలుటకు ముందు పిల్లలున్న సంచులను అరగంటసేపు చెరువు నీటిపై తేల్చి, రెండు నీళ్ల వేడిమిని సమానము చేయవలెను. పండుగప్ప తన జాతి పిల్లలనే మ్రింగును గనుక ఒకే పరిమాణము గలవానిని ఒకచోట నుంచవలెను.

ఆ ఉప్పు ఎక్కడికి పోవును?

పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గమనింపవలసినది ఇదియే. పైన చెప్పిన నీరు వెయ్యి లీటర్లయినచో అందు 30 కిలోల ఉప్పుండును. పదివేల లీటర్లలో 300 కిలోలుండును. తొట్టెనుండి తీసిన నీటిని ఎచ్చట పారబోసిన అచ్చటికే ఆ ఉప్పు చేరును. త్రాగునీటిలో కరగిన లవణములు లీటరుకు అర గ్రాము మించకుండుట మేలని మన దేశపు ప్రమాణము చెప్పుచున్నది. హాచరీ నీరు దానికి అరువది రెట్లు. అట్టి నీరు బావి ప్రక్కనో, పంటకాలువలోనో పడినచో త్రాగునీరును, వరిచేలును చెడును.

చేపకు సుఖముగా ఉండునని చెరువులోనే ఉప్పు బస్తాలు పోయుట, ఉప్పు బోరునీరు పెట్టుట ఇంకను ప్రమాదకరము. ఎకరము విస్తీర్ణము, ఒక మీటరు లోతు గల చెరువులో సుమారు 40 లక్షల లీటర్ల నీరుండును. లీటరుకు ఒక్క గ్రాము పెంచుటకే 4 టన్నుల ఉప్పు కావలెను. ఎండకు నీరు ఆవిరియగును గాని ఉప్పు పోదు. అది మట్టిలోనికి ఇంకి, చుట్టుప్రక్కల భూములకు వ్యాపించును. ఒక ఏటి కౌలు డబ్బుకొరకు పది ఏండ్ల పంటను పోగొట్టుకొనుట వివేకము కాదు.

కౌలు పత్రములో చేర్చదగిన షరతులు

మొదటిది, ఉప్పునీటికి దూరమైన గ్రామములలో మార్పు పనిని ఊరిలో చేయనీయరాదు. తీరమునందే మంచినీటికి అలవాటు చేసిన పిల్లలను మాత్రమే తేవలెను. రెండవది, చెరువులో ఉప్పుగాని, ఉప్పునీరుగాని కలుపరాదు. మూడవది, పిల్లలను వదలుటకు ముందును, తరువాత నెలకొకసారియు చెరువు నీటిని, సమీపపు బావి నీటిని పరీక్షింపించి ఫలితములను పంచాయతీలో దాఖలు చేయవలెను. నాల్గవది, మత్స్యకార సంఘము బొచ్చె, శీలావతి పిల్లలను వదలిన చెరువున పండుగప్పను వదలరాదు. అది మాంసాహారి, ఆ పిల్లలు దానికి ఆహారమగును. ఇట్టి కౌలు నిర్ణయమునకు ముందు మత్స్యశాఖవారి సలహా పొంది, విషయమును గ్రామసభ ముందుంచుట మంచిది.

పండుగప్ప పెంపకమును వలదని మేము చెప్పుట లేదు. జాగ్రత్తతో చేసిన అది రైతునకు లాభము, పంచాయతీకి రాబడి. అయితే చేపను ఊరి నీటికి అలవాటు చేయవలెను గాని, ఊరి నీటిని చేపకొరకు ఉప్పు చేయరాదు. చేపకు కావలసినది ఒక వారము ఓర్పు. చెడిన నీరు బాగుపడుటకు పట్టు కాలము ఎంతయో ఎవరును ముందుగా చెప్పజాలరు.