అరువు శక్తితో పలికెడి బిళ్ళ

అల్ఫారెట్టా నుండి అట్లాంటాకు సాగెడి జార్జియా 400 రహదారిపై ప్రతి ఉదయమును ఉద్యోగములకు బయలుదేరువారిలో తెలుగువారు మెండు. ఆ మార్గమున బక్‌హెడ్ చెంత 1993 నుండి 2013 వరకు సుంకపు ద్వారమొకటి యుండెడిది. కారొక్కింటికి 50 సెంట్లు. ఆ ద్వారమును ఎత్తివేసిరి గాని, చుట్టుపట్లనున్న ఎక్స్‌ప్రెస్ వరుసలకై కారు అద్దమునకు అంటించుకొను పీచ్‌పాస్ బిళ్ళ మాత్రము నిలిచినది. కాగితమువలె పలుచనైన ఆ బిళ్ళలో బ్యాటరీ లేదు.

మరి అది పలుకుట యెట్లు? పరావర్తిత శక్తితో వార్తలు పంపవచ్చునని హారీ స్టాక్‌మన్ 1948లోనే వ్రాసెను. రీడరు ప్రసరింపజేసిన రేడియో తరంగమునుండియే బిళ్ళలోని చిప్పు జీవశక్తిని గ్రహించి, ఆంటెన్నా గుణమును క్షణక్షణమును మార్చుచు, ఆ తరంగమునే హెచ్చుతగ్గులుగా వెనుకకు మరలించును.

రహదారి వరుసలో కార్లు ఒకదాని వెనుక నొకటి వచ్చును గనుక చిక్కు స్వల్పము. గిడ్డంగిలో వందలకొలది బిళ్ళలు ఒక్కసారిగా మేల్కొన్నప్పుడే అసలు కష్టము. మన సెల్‌ఫోను వైఫైలో మాటాడుటకు ముందు ఇతరుల సందడిని ఆలకించును. ఇంత దరిద్రపు శక్తితో బ్రతికెడి బిళ్ళకు పొరుగుబిళ్ళ పలుకు వినబడనే వినబడదు. కావున వంతుల నేర్పాటు చేయు భారమంతయు రీడరుపైనే పడినది.

ఉపాయము హవాయి దీవులనుండి వచ్చినది. అచటి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్‌సన్ బృందము 1971లో నడపిన అలోహా జాలములో, ఎవరికి తోచినప్పుడు వారు పలుకుట, పలుకులు ఢీకొన్నచో యాదృచ్ఛికముగా కొంత తాళి మరల పలుకుట నియమము. దీనివలన సద్వినియోగమగు కాలము నూటికి 18 పాళ్ళు మించదు. కాలమును గళ్ళుగా విభజించి గడి ఆరంభముననే పలుకవలెనని పిమ్మట రాబర్ట్స్ అను శాస్త్రజ్ఞుడు విధింపగా అది 37కు చేరినది.

ఇట్టి బ్యాటరీ లేని బిళ్ళలకై 2004లో వెలువడిన జెన్-2 ప్రమాణము ఈ గళ్ళనే స్వీకరించినది. రీడరు Q యను సంఖ్యను చాటును; అది 4 అయినచో 16 గళ్ళు. ప్రతి బిళ్ళయు చీటీ తీసినట్లు ఒక గడిని ఎన్నుకొని, తన వంతు రాగానే పూర్తి గుర్తును గాక, 16 బిట్ల తాత్కాలిక సంఖ్యను మాత్రమే పలుకును. ఈ ఏర్పాటులో నాకు మిక్కిలి నచ్చినదిదియే: రెండు బిళ్ళలు ఢీకొన్నను పోవునది లవలేశపు కాలము. సంఖ్య స్పష్టముగా వినబడినచో రీడరు దానినే తిరిగి పలికి అనుమతి నొసగును. అప్పుడు బిళ్ళ సాధారణముగా 96 బిట్లుండెడి తన గుర్తును చెప్పి ఊరకుండును. ఢీకొనుటలు హెచ్చినచో Qను పెంచుట, ఖాళీ గళ్ళు హెచ్చినచో తగ్గించుట రీడరు పని.

మన దేశమున 2021 ఫిబ్రవరినుండి జాతీయ రహదారుల సుంకద్వారములయొద్ద తప్పనిసరియైన ఫాస్టాగ్ సైతము ఈ ప్రమాణపు సంతతియే. హైదరాబాదు నుండి విజయవాడ పోవుచు పంతంగి వద్ద మీ కారు దాటునప్పుడు అద్దముపై నున్న బిళ్ళ 865–867 మెగాహెర్ట్‌జ్ తరంగములలో ఈ నియమములనే పాటించును.