మొరంగడ్డను పొగపొయ్యిలో కాల్చు విధానము

మహాశివరాత్రి సమీపించినంతనే మన సంగారెడ్డి, జహీరాబాదు, పటాన్‌చెరు అంగళ్లలో మొరంగడ్డల కుప్పలు కానవచ్చును. ఝరాసంగములోని కేతకీ సంగమేశ్వరస్వామి దర్శనమునకును, మంజీరా నది పాయలు చీలు తావున జరుగు ఏడుపాయల జాతరకును పోవు జనులు ఉపవాస ఫలహారముగా ఈ గడ్డలను కొందురు. పండుగ దాటినంతనే గిరాకి తగ్గును, వెల పడిపోవును. మిగిలిన గడ్డలలో కొన్ని మూలబడి కుళ్లును, కొన్ని పశువుల పాలగును. పచ్చిగడ్డను మాత్రమే అమ్ముకొను రైతునకు ఈ నష్టము తప్పదు. అదే గడ్డను చక్కగా కాల్చి యమ్మినచో పండుగకు ముందును వెనుకను కూడ కొనువారుందురు. కాల్చుట యెవరికి రాదని కొంద రనవచ్చును. అగ్గిలో వేయుట యందఱకును వచ్చును; తీపి పుట్టునట్లు కాల్చుట కొందఱకే వచ్చును. ఆ భేదమును వివరించుటకే ఈ వ్యాసము.

ముందుగా పేరును గూర్చి యొక మాట. మన ప్రాంతమున దీనిని మొరంగడ్డ యనియు, కందగడ్డ యనియు అందురు. కోస్తా జిల్లాలవారు చిలగడదుంప యనియు, రాయలసీమవారు గెణుసుగడ్డ యనియు అందురు. కోస్తావారికి కంద యనగా వేఱు దుంప. కావున పరప్రాంతపు వర్తకునితో బేరమాడునప్పుడు ఏ గడ్డయో స్పష్టముగ చెప్పవలెను.

మా తప్పు, దానివలన నేర్చిన పాఠము

కొన్ని యేండ్ల క్రిందట మేమొక గ్రామమున ఈ గడ్డలను కాల్చి చూపదలచి, నాటి యుదయము త్రవ్విన గడ్డలనే తెప్పించి, మంట బాగుగా మండుచుండగా అందులో నుంచితిమి. అరగంటలో పైతోలు బొగ్గయ్యెను. లోపల విఱిచి చూడగా నడుమ గట్టిగాను, రుచి చప్పగాను ఉండెను. ఒక వృద్ధురాలు నవ్వి, “అయ్యా, మీ కాకలి తొందర, గడ్డకు తొందర లేదు” అనెను. ఆమె చెప్పినది అక్షరాల శాస్త్రసమ్మతము.

తీపి యెక్కడనుండి వచ్చును?

పచ్చిగడ్డలో చక్కెర కొంచెమే, పిండిపదార్థమే హెచ్చు. ఆ పిండిని చక్కెరగా మార్చు ఎంజైము గడ్డలోనే యుండును. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, ఆ పిండితో అంబలి కాచినప్పుడు తీపి పుట్టుట మీ రెఱిగినదే. ఇదియు నట్టిదే. గడ్డ లోపలి వేడిమి సుమారు 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటినప్పుడు పిండి ఉబ్బి మెత్తబడును. అప్పుడు ఆ ఎంజైము దానిని మాల్టోజు అను చక్కెరగా మార్చును. వేడి 75 డిగ్రీలు దాటి పెరిగినకొలది ఎంజైము నశించును. పెద్దమంటలో గడ్డ ఈ నడిమి మెట్టును శీఘ్రముగ దాటిపోవును. తీపి పుట్టుటకు వ్యవధి చాలదు. మెల్లని వేడిలో ఆ మెట్టునందు చాలసేపు నిలుచును. మూతగల పొగపొయ్యి మేలగుట కిదియే కారణము. పొగ వాసన నిచ్చును. తీపి నిచ్చునది ఆలస్యమే.

ఇతర దేశములవారును ఈ మర్మమును అనుభవముచే నెఱిగిరి. న్యూజీలాండులోని మావోరీలు కాలిన రాళ్లను గోతిలో పఱచి, గడ్డల నుంచి, పైన తడిబట్ట కప్పి, మట్టి పూడ్చి వండుదురు. జపానులో వీథులయందు వేడి గులకరాళ్ల నడుమ కాల్చి యమ్ముదురు. మన పల్లెలలో పొయ్యి నివురులో రాత్రి కప్పి యుంచి తెల్లవాఱి తీయుటయు ఇదే తెఱగు.

గడ్డను సిద్ధపఱచుట

శివరాత్రి గిరాకికై తీగలను అక్టోబరు, నవంబరు మాసములలో నాటవలెను. మూడునాలుగు నెలలకు గడ్డ దిగును. త్రవ్విన వెంటనే కాల్చరాదు. దెబ్బలు తగిలినవానిని వేఱుచేసి, తక్కినవానిని కడుగకయే, గాలి తగులు నీడపట్టున గడ్డిపై పఱచి, గోనెలు కప్పి, దగ్గఱ నీళ్ల బాన యుంచి, అయిదారు దినములు కాపాడవలెను. వెచ్చదనము 30 డిగ్రీల ప్రాంతమున నుండి, గాలిలో తేమ యున్నచో తోలుమీది గాయములు మానును, నిలువ యుండును, తీపియు హెచ్చును. పిమ్మట చల్లని చోట నుంచవచ్చును గాని రిఫ్రిజిరేటరులో నుంచరాదు. అతిశీతలమున గడ్డ లోపల గట్టిపడి చెడిపోవును.

పొయ్యి అమర్చు విధము

పెరటిలో పెద్ద మట్టి కాగు నొకదానిని మూడు రాళ్లపై నిలుపుడు. అడుగు ప్రక్కన రెండు వ్రేళ్లు దూరునంత రంధ్రము చేయుడు, ఇది గాలికి. అడుగున ఇసుక రంధ్రము మూసుకొనకుండ పోసి, పైన బాగుగా రాజి తెల్లని నివురు పట్టిన బొగ్గు లుంచుడు. సర్కారుతుమ్మ బొగ్గు చాలును. వానిపై ఎండిన తుమ్మ, చింత లేక మామిడి చెక్కలు రెండుమూడు వేయుడు. నిప్పుకు జానెడు పైన ఇనుప జాలీ నమర్చి, ఒక్కొక్కటి పావుకిలో తూగు గడ్డలను ఒకదాని నొకటి తాకకుండ పేర్చుడు. సన్న రంధ్రముగల మూతతో మూయుడు.

లోపలి వేడి 110 మొదలు 130 డిగ్రీల వఱకు ఉండిన చాలును. చిన్న ఉష్ణమాపకము అంగడిలో దొరకును. అది లేనివారు ఈ గుఱుతు పట్టవలెను: మొదటి అరగంటలోనే తోలు నల్లబడిన యెడల నిప్పు హెచ్చయ్యెనని తెలిసి, అడుగు రంధ్రమును కొంత మూయవలెను. పొగ పలుచగా నీలివన్నెతో రావలెను. దట్టముగ వచ్చిన గడ్డ చేదెక్కును. ఒకసారి త్రిప్పి, రెండు గంటలకు చీపురుపుల్ల గ్రుచ్చి చూడుడు. అడ్డులేక దిగి, తోలు పగుళ్లనుండి తేనెవంటి పాకము కాఱిన గడ్డ సిద్ధమైనది.

ముఖ్యమైన హెచ్చరిక

పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము కర్మాగారముల చుట్టుపట్ల ఖాళీ పీపాలును, సామాను వచ్చిన చెక్కపెట్టెలును చౌకగా దొరకును. వానితో పొగపొయ్యి చేయ నెంచువారికి మా మాట యిది: చేయకుడు. రసాయనము లుండిన పీపా ఎంత కడిగినను కాలిన మీదట దాని విషము ఆహారమున చేరవచ్చును. రంగు వేసిన చెక్కయు అట్టిదే. విదేశములనుండి వచ్చిన చెక్కపై “ఎం.బి.” అను ముద్ర యున్నచో దానికి మిథైల్ బ్రోమైడు అను విషవాయువు పట్టించిరని యర్థము. నక్కవాగు నీరు చెడిన విధము ఈ ప్రాంతపు రైతునకు ఒకరు చెప్పనక్కఱలేదు. 1990లో ఆ వ్యవహారము సుప్రీంకోర్టు వఱకు పోయెను. వాగులో చేరిన దానిని మనము వెంటనే ఆపజాలకపోతిమి. మన పొయ్యిలో చేరు దానిని ఆపుట మన చేతిలోనిదే. మట్టి కాగు చవుక, నిరపాయము.

ముక్కుపురుగు తొలిచిన గడ్డ చేదుగా నుండును; కాల్చినను ఆ చేదు పోదు. బూజుపట్టిన గడ్డను పశువులకును వేయరాదు. దానిలో పుట్టు విషము పశువు ఊపిరితిత్తులను చెఱచి ప్రాణము తీయగలదు. నిప్పును మూసిన గదిలో నెన్నడును ఉంచరాదు; బొగ్గు వాయువు తెలియకుండ చంపును. మధుమేహము గలవారికి కాల్చినదానికంటె ఉడికించినది, అదియు మితముగా, మేలు.

సభ్యులు చేయదగిన పని

తిరువనంతపురమున 1963లో స్థాపింపబడిన కేంద్ర దుంపపంటల పరిశోధనా సంస్థవారు భూసోన యను నారింజవన్నె గడ్డను వెలువరించిరి. ఇట్టి గడ్డలలో విటమిన్ ఎ నిచ్చు పదార్థము సమృద్ధిగా నుండును. బిడ్డల కన్నులకు మంచిది. ఈ జాతి గడ్డలను ప్రజలలో వ్యాపింపజేసినందుకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి యీయబడినది. సంఘసభ్యులు కొందఱు కలసి తీగలు తెప్పించి కొంచెము నేలలో నాటి చూడవచ్చును.

ఒక్కొక్కరు వేఱువేఱుగా అమ్మనేల? పదిమంది సభ్యులు నాలుగు కాగు లమర్చి, గడ్డలను పరిమాణమునుబట్టి వేఱుచేసి, జాతరలో ఒకే అంగడి పెట్టినయెడల, దళారి చేతిలో పడు లాభము రైతు చేతిలో నిలుచును. ముందు ఒక్క కాగుతో మీ యింటివారికే కాల్చి పెట్టి చూడుడు. వారు మఱియొకటి యడిగినచో, కొనువారును అడుగుదురు.