జర్మనీ తిరునాళ్ళలో ధాన్యపు స్తంభం

తిరునాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ సరదా. నిరుడు దసరా సెలవులకు జర్మనీలో ఉన్న మా చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, "అన్నయ్యా, మా ఊళ్ళోనూ తిరునాళ్ళు జరుగుతున్నాయి, పద" అంది. వెంటనే కోటు తొడుక్కున్నాను. నిజానికి నేను వెళ్ళిన పని వేరు. గోదావరి జిల్లాలో నాన్నగారి రెండెకరాల మాగాణి బేరానికొచ్చింది. అమ్మడానికి చెల్లెలి సంతకం కావాలి. కాగితాలు పెట్టెలో ఉన్నాయిగాని, మాట మాత్రం నా పెదవి దాటలేదు.

స్టుట్‌గార్ట్ నగరంలో నెకర్ నది ఒడ్డున పెద్ద మైదానం ఉంది. ఏటా సెప్టెంబరు చివర మొదలై అక్టోబరు రెండోవారం దాకా అక్కడ కాన్‌ష్టాట్ జనోత్సవం జరుగుతుంది. మన కోటప్పకొండ తిరునాళ్ళకు చలికోటు తొడిగినట్టుంది! రంగులరాట్నాలు, పిల్లల కేరింతలు, పాకం పట్టిన బాదంపప్పుల ఘుమఘుమ. తేనే, మసాలా దినుసులూ వేసి హృదయాకారంలో కాల్చిన రొట్టెలను దారాలు కట్టి అమ్ముతున్నారు. వాటిమీద చక్కెరతో రాసిన ముద్దు మాటలు. డేరాల్లో వేలాదిమంది లీటరు గాజుపాత్రలు పట్టుకుని బీరు తాగుతూ గొంతెత్తి పాడుతున్నారు.

ఈ సందడి మధ్య ఒక స్తంభం కనిపించింది. ఎత్తు 26 మీటర్లు. ఒంటినిండా ధాన్యపు కంకులు, పళ్ళు, కూరగాయల అలంకారం. దేవుడి బొమ్మ లేదు, రాజు బొమ్మ లేదు.

"ఇదేమిటే?" అన్నాను.

ఏడేళ్ళ మేనకోడలు అందుకుంది: "బళ్ళో చెప్పారు మామయ్యా! ఎప్పుడో ఇక్కడ తినడానికి ఏమీ లేదట. అందుకని పెట్టారు."

పిల్ల చెప్పింది నిజమే. 1815 ఏప్రిల్‌లో ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ధూళి ఆకాశాన్ని కమ్మి, మరుసటి ఏడాది యూరపులో వేసవే లేకుండా చేసింది. ఎడతెగని వానలకు పైరు కుళ్ళిపోయింది. ఎక్కడో పేలిన కొండ తమ నోటి కూడు లాక్కుందని ఆనాటి రైతుకు తెలియదు. రొట్టెల పిండిలో రంపపు పొట్టు కలుపుకు తిన్నారు. వేలమంది పొలాలు వదిలి రష్యాకూ అమెరికాకూ వలసపోయారు.

1816లో గద్దెనెక్కిన విల్‌హెల్మ్ రాజూ, రష్యా చక్రవర్తి కుమార్తె అయిన కథరీనా రాణీ ఆ కరువును ఎదుర్కొన్నారు. రాణి పేదల కోసం సహాయ సంఘాలు నడిపి, పొదుపు బ్యాంకు పెట్టించింది. రాజు హోహెన్‌హైమ్‌లో వ్యవసాయ విద్యాలయం నెలకొల్పాడు. 1818 సెప్టెంబరు 28న ఇక్కడ రైతుల పండుగ జరిపి, మేలుజాతి పశువులకు బహుమతులిచ్చాడు. ఆ పండుగే పెరిగి ఈ తిరునాళ్ళయింది. పాపం, కథరీనా చూసింది ఆ ఒక్క పండుగే. 1819 జనవరిలో ముప్ఫయ్యేళ్ళకే కన్నుమూసింది.

నేను తల పైకెత్తి చూస్తూనే ఉన్నాను. చెల్లెలు మెల్లగా అంది: "అన్నయ్యా, మామ్మ చూరుకు కట్టిన వరికుచ్చులా లేదూ?"

గుండె కలుక్కుమంది. కోతలైన వెంటనే మొదటి కంకులను మామ్మ కుచ్చుగా అల్లి, పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసేది. "ముందు వాటి వాటా, తరవాతే మనది" అనేది. ఆ కంకులు ఈ రెండెకరాలవే.

"చేను ఎలా ఉంది? ఎవరు చేస్తున్నారు?" అని అడిగింది చెల్లెలు.

"బాగానే ఉంది" అన్నాను. అంతకుమించి నోరు పెగల్లేదు.

కాగితాలు పెట్టె అడుగునుంచి కదలకుండానే నాతో తిరిగొచ్చాయి. కొనేవాడు రోజూ కబురు పెడుతున్నాడు. మునుముందు ఏమవుతుందో చెప్పలేను. ఈ సంక్రాంతికి మాత్రం మా వాటా గుమ్మానికి వరికుచ్చు కట్టాలి. పట్నంలో పిచ్చుకలు వస్తాయో రావో, కట్టడం మన వంతు.