మీకు తెలుసా? చొట్ట పడితే గోళం పనైపోయినట్టే!

నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. అలాంటివి 48 ఒకదానిమీద ఒకటి పేర్చితే సుమారు 6000 మీటర్లు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేస్తున్న ‘మత్స్య 6000’ అనే సముద్రగర్భ వాహనం ముగ్గురిని కూర్చోబెట్టుకుని దిగాల్సింది అంత లోతుకే. అక్కడ వేలిగోరంత చోటు మీద, అంటే చదరపు సెంటీమీటరుకు, దాదాపు ఆరు క్వింటాళ్ల బరువు పడుతుంది. నల్లగొండ రైతు భాషలో చెప్పాలంటే, గోరు మీద ఆరు క్వింటాళ్ల వడ్లు!

మనుషులుండే గది 2.1 మీటర్ల వ్యాసం, 80 మిల్లీమీటర్ల మందం ఉన్న టైటానియం గోళం. గోళమే ఎందుకు? ఒత్తిడిని అన్ని వైపులా సమానంగా పంచుకుంటుంది కాబట్టి.

అయితే పల్చటి గోళానికి ఒక జబ్బుంది. పింగ్‌పాంగ్ బంతిని బొటనవేలితో నొక్కి చూడండి. కాసేపు ఓర్చుకుని, ఉన్నట్టుండి ‘టక్’మని లోపలికి చొట్ట పడుతుంది. ప్లాస్టిక్ చిరగదు, ఆకారమే ఓడిపోతుంది. గోళం ఎంత ఒత్తిడికి ఇలా ఓడుతుందో 1915లో జోలీ అనే పరిశోధకుడు లెక్కగట్టాడు: మందం రెట్టింపైతే తట్టుకునే ఒత్తిడి నాలుగింతలు. కాగితం మీద బాగానే ఉంది గానీ, ప్రయోగాల్లో పల్చటి గోళాలు అందులో నాలుగో వంతుకే కుప్పకూలేవి. కారణం, కంటికి ఆనని వంకరలు. 1939లో వాన్ కార్మన్, చియెన్ అనే శాస్త్రవేత్తలు లెక్కకూ ప్రయోగానికీ మధ్య ఉన్న ఈ తేడా గుట్టు విప్పే దారి చూపారు.

అందుకే ఇంజనీర్లు లెక్కలో వచ్చిన అంకె ఒక్కదాన్నే నమ్మరు, తయారైన గోళం గుండ్రదనాన్ని కూడా కొలుస్తారు.