మైకు నొక్కక ముందు వినండి



2009 అక్టోబరు మొదటి దినాలను మన ప్రాంతమువారు మరచిపోలేరు. కృష్ణా, తుంగభద్ర ఒక్కసారే పొంగాయి. ఈ ఒడ్డున అలంపూరు, ఆ ఒడ్డున కర్నూలు మునిగాయి. కరెంటు లేకపోతే ఫోను ఎంతసేపు పలుకుతుంది? అవతలి ఊరిలో మీవారు క్షేమమో కాదో ఎవరిని అడుగుతారు? ఈ ప్రశ్నను మనస్సులో ఉంచుకొని చదవండి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘాల యౌవనస్థులు హామ్ రేడియోలో కలిసి మాట్లాడుకొనగలరా? మాట్లాడుకొనగలరు. అయితే చేతిలో పట్టుకునే సెట్టు ఇంత దూరము నేరుగా అందదు. ఎత్తైన చోట పెట్టిన రిపీటరు ఆ చిన్న సెట్టు మాటను పట్టుకొని, ఎక్కువ శక్తితో తిరిగి పంపుతుంది. రెండు ఊళ్ల రిపీటర్లను ఇంటర్నెట్‌తో కలిపితే ఇక్కడి మాట అక్కడ వినబడుతుంది. 2002లో వచ్చిన ఎకోలింక్ పని ఇదే. స్కౌటు పిల్లలు 1958 నుండి జరుపుకొంటున్న జాంబోరీ ఆన్ ది ఎయిర్‌లో కూడా ఇట్టి లింకులు వాడుతారు.

అయితే ముగ్గురు ఒకేసారి బటన్ నొక్కితే ఎవరి మాటా వినబడదు. గనుక ఒకరిని నెట్ కంట్రోలుగా నియమించాలి. ఆయన పిలిచినవారే, తమ కాల్‌సైన్ చెప్పి, మాట్లాడాలి. లింకులో మాట కొంచెము ఆలస్యముగా చేరుతుంది. బటన్ నొక్కిన తరువాత ఒక్క క్షణము ఆగి మాట్లాడండి. ఒకరు ముగించిన తరువాత కొంత ఖాళీ విడవండి. ఆపదలో ఉన్నవాడు ఆ ఖాళీలోనే పిలువగలడు. యాకోబు పత్రిక 1:19 మనకు తెలిసిన మాటే గదా! రేడియో దగ్గర దానిని అక్షరాలా అభ్యాసము చేయవచ్చును.

మరొక సంగతి. లైసెన్సు లేనివారు సెట్టు వాడరాదు. పన్నెండేళ్ళు నిండినవారు కేంద్ర ప్రభుత్వ పరీక్ష వ్రాయవచ్చును. హైదరాబాదులో 1983లో స్థాపించబడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యను నేర్పుతూ వచ్చింది. ప్రసంగాలు, పాటలు ప్రసారము చేయుటకు హామ్ రేడియో కాదు. నాకును మొదట ఆ ఆశ పుట్టింది గనుక చెప్పుచున్నాను.

లింకు మీదనే ఆనుకొనవద్దు. వరదలో ఇంటర్నెట్ పోతే ఊళ్ల మధ్య లింకు తెగుతుంది. అందుచేత నెలకు ఒకసారైనా లింకు లేకుండ, రిపీటరు కూడా లేకుండ, ఊరిలోనే నేరుగా మాట్లాడి చూడండి. ఎక్కడి నుండి ఎక్కడికి అందుతుందో వ్రాసి పెట్టుకోండి.

2004 డిసెంబరులో ఆ సంస్థ బృందముతో భారతీ ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్‌లో దేశదేశాల హామ్‌లతో మాట్లాడుతున్నారు. 26వ తేదీన సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. అప్పటివరకు సరదాగా సాగిన మాటలు ఆగి, అదే కేంద్రము నుండి బాధితుల క్షేమ సమాచారము వెళ్ళింది. ఆమెకు ఇంటర్నెట్ అవసరము కాలేదు. షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశపు పై పొరలను తాకి దూరము చేరాయి. పరికరము ముందే సిద్ధము, వరుసగా మాట్లాడే అలవాటు ముందే ఉంది.

ప్రియులారా, నీళ్ళు వచ్చిన దినమున నేర్చుకొనుటకు సమయముండదు. మీ యౌవన కూడికలో ఈ నెలనే ఇద్దరిని పరీక్షకు సిద్ధపరచండి. మిగిలినవారు లైసెన్సు గలవారి ప్రక్కన కూర్చుండి వినుట నేర్చుకొందురు గాక. దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.