పద్నాలుగేళ్లు దాచిన మాట

ఆదివారం ఆబిడ్స్‌. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్‌ నిండా పాత పుస్తకాలు. ఎంసెట్‌ గైడ్ల మధ్య అట్ట ఊడిన తెలుగు బైబిల్‌ కూడా ఒక్కోసారి కనిపిస్తుంది. అటు సెయింట్‌ జార్జి చర్చి, ఇటు చాపెల్‌ రోడ్డు మెథడిస్టు చర్చి, కాస్త ఎగువన గన్‌ఫౌండ్రీలో సెయింట్‌ జోసెఫ్‌ కెథడ్రల్‌... ఆ పూట అన్నిచోట్లా ఆరాధనే.

'సాక్ష్యం' అంటే తెలియని క్రైస్తవులుండరు. దేవుడు తనకేం చేశాడో నలుగురిలో లేచి చెప్పడం. జబ్బు నయమైందంటారు. ప్రభువు కలలో కనిపించాడంటారు. వినేవాళ్లు 'స్తోత్రం' అంటారు. చిక్కల్లా అక్కడే! చెబుతున్నది దేవుడి గొప్పా, తన గొప్పా?

ఈ ఇబ్బంది పౌలుకే తప్పలేదు. ఆయన స్థాపించిన కొరింథు సంఘంలోకి వేరే బోధకులు వచ్చారు. తమ గొప్పలు చెప్పుకొని పౌలును చులకన చేశారు. ఊరుకుంటే సంఘం చేజారుతుంది. క్రీస్తుశకం 50వ దశకంలో రాసిన రెండో కొరింథీ పత్రికలో, ఇది తెలివితక్కువ పనేనని ముందే ఒప్పుకొని, తానూ గొప్పలు మొదలుపెట్టాడు. ఏం గొప్పలవి! దెబ్బలు తిన్నాడట. మూడుసార్లు ఓడ పగిలిందట. దమస్కులో గంపలో కూర్చుని గోడ మీంచి దిగి పారిపోయాడట. శత్రువు గోడ మొదట ఎక్కినవాడికి కిరీటం పెట్టే రోమన్ల కాలంలో, దిగి పారిపోయిన సంగతి చెప్పుకోవడం చిన్న విషయమా?

ఆ తర్వాతే దర్శనం ఊసు. అప్పుడు కూడా 'నేను' అనలేదు. పద్నాలుగేళ్ల కిందట మూడో ఆకాశానికి వెళ్లిన మనిషొకడు తెలుసంటూ పరాయివాడి గురించి చెప్పినట్టు చెప్పాడు. విన్న మాటలు బయటపెట్టలేదు. వెంటనే తన ఒంట్లోని 'ముల్లు' సంగతికి వచ్చేశాడు. తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు. కృప చాలునన్న జవాబు మాత్రం వచ్చింది. ఆ ముల్లు జబ్బో, మరొకటో పండితులు ఇప్పటికీ తేల్చలేదు. ప్రార్థించినా నయం కాక, సాక్ష్యాల వేళ తల వంచుకుని కూర్చునేవాళ్ల పక్కన పౌలుకూ చోటుంది. వాళ్లను మైకు దగ్గరికి పిలిచేవాళ్లే తక్కువ.

స్పెయిన్‌లో 16వ శతాబ్దపు సన్యాసిని అవిలా తెరేసా కూడా తన దర్శనాల గురించి గురువులు ఆదేశిస్తేనే రాసింది. హైదరాబాద్‌కు తెలిసిన మనిషి భక్తసింగ్‌. పంజాబీ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, 1929లో కెనడాలో క్రీస్తును నమ్మారు. ఆయన సాక్ష్యంలో తన ఘనకార్యం లేదు, కుర్రతనంలో బైబిల్‌ చించేసిన సంగతి ఉంది. 2000 సెప్టెంబరు 17న ఈ నగరంలోనే కన్నుమూశారు. సమాధి నారాయణగూడలో ఉంది.

ఇలాంటి బిడియం ఒక్క మతానిదే కాదు. నాంపల్లి యూసుఫైన్‌ దర్గా గురించీ ఓ కథ చెబుతారు. గోల్కొండ ముట్టడి వేళ ఔరంగజేబు సైన్యంలో ఇద్దరు మామూలు సిపాయిలు. ఓ రాత్రి గాలివానకు డేరాలన్నీ ఎగిరిపోయాయట. ఒక్క డేరాలో మాత్రం దీపం ఆరలేదు. లోపల ఆ ఇద్దరూ ఖురాన్‌ చదువుకుంటున్నారు. అప్పటిదాకా పక్కవాళ్లకు కూడా వాళ్లెవరో తెలియదు. 1687లో గోల్కొండ మొగలుల వశమైంది. యూసుఫ్‌, షరీఫ్‌ల సమాధులు నాంపల్లిలో పక్కపక్కనే ఉన్నాయి.