స్లాబు పడకముందే చూసుకోండి ఉక్క లెక్క!

కొత్తగూడెం: పగలంతా ఎండ తాగిన స్లాబు, రాత్రయ్యేసరికి ఆ వేడిని ఇంట్లోవాళ్ల నెత్తిన దింపుతుంది. ఫ్యాను తిరుగుతున్నా చెమట ఆరదు. మంచాలు వాకిట్లోకి వస్తాయి. పెంకుటిల్లు తీసి డాబా వేసుకున్నవారికి ఇది ఏటా వేసవిలో తెలిసిన బాధే.

ఇందిరమ్మ పథకం కింద ఇంటికి రూ. 5 లక్షల సాయం. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులుండాలి. చిన్న ఇల్లు, పైన స్లాబు. ఒకసారి పోశాక మార్చడం కష్టం. ముందే చూసుకునే లెక్క ఒకటి సెల్‌ఫోన్‌లో ఉచితంగా దొరుకుతోంది. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయం వారు తయారుచేసిన దాని పేరు సీబీఈ థర్మల్ కంఫర్ట్ టూల్.

ఆరు అంకెలు చాలు

గది గాలి వేడి, చుట్టూ గోడలు కప్పు చిమ్మే వేడి, గాలి వేగం, గాలిలో తేమ, మనిషి చేసే పని, ఒంటిమీది బట్ట. ఈ ఆరూ ఇస్తే మైనస్ 3 నుంచి ప్లస్ 3 వరకు ఒక అంకె వస్తుంది. సున్నా అయితే హాయి. ప్లస్ 3 అంటే భరించలేని వేడి. డెన్మార్క్ ఆచార్యుడు ఫాంగర్ 1970లో పుస్తకంగా తెచ్చిన సూత్రమిది.

ఇందులో మనవాళ్లు మరచేది రెండో అంకె. గాలి వేడి 34 డిగ్రీలే ఉన్నా, కప్పు గోడల సగటు 38 ఉంటే ఒంటికి తగిలేది దాదాపు 36. స్లాబు ఇంట్లో ఉక్క గుట్టు ఇదే.

మన ఒంటి తీరు వేరు

ఫాంగర్ పరీక్షించింది అమెరికా, డెన్మార్క్ విద్యార్థులను. మనం వేడికి కొంత అలవాటుపడ్డవాళ్లం. 2008లో మాధవి ఇంద్రగంటి హైదరాబాద్ అపార్టుమెంట్లలో వందమందికి పైగా అడిగి చూశారు. వారికి హాయి అనిపించింది 29.2 డిగ్రీల దగ్గర. 32.5 వరకు సర్దుకుపోగలిగారు. అప్పటి మన నిబంధనలు చెప్పింది 23 నుంచి 26 మాత్రమే!

ఏసీ లేని, కిటికీలు తెరిచే ఇళ్లకు అదే టూల్‌లో మరో లెక్క ఉంది. బయటి సగటు వేడి 33 ఉంటే ఇంట్లో 31.5 వరకు పదిమందిలో 8 మందికి ఫర్వాలేదు. గాలి సెకనుకు 1.2 మీటర్ల వేగంతో తగిలితే ఇంకో 2.2 డిగ్రీలు ఓర్చుకోవచ్చు. ఫ్యాను విలువ అదీ!

అయితే బయటి సగటు 33.5 దాటితే ఈ లెక్క పనిచేయదు. పగలు 44, తెల్లవారుజామున 29 అయితే సగటు 36.5. అంటే మన జిల్లాలో అసలు అవసరమైన మే నెలలోనే అది చేతులెత్తేస్తుంది. అప్పుడు ఇంటి కట్టుబడే దిక్కు.

ఇలా చేయొచ్చు

కట్టబోయే ఇంట్లో ఎంత వేడి ఉంటుందో ఈ టూల్ చెప్పదు. ఉన్న వేడి మనిషికి ఎలా ఉంటుందో మాత్రమే చెబుతుంది. కనుక ఊళ్లోని ఒక పాత పెంకుటింట్లో, ఒక స్లాబు ఇంట్లో ఒకే రాత్రి గాలి వేడి, కప్పు వేడి కొలిచి, పిల్లల చేత సెల్‌ఫోన్‌లో వేయించి చూడాలి. తేడా కళ్లకు కడుతుంది.

ఆపైన చేయాల్సింది పెద్దలెరిగిందే. కిటికీలు ఎదురెదురుగా, పడమటి గోడకు పంచ గాని చెట్టు గాని, స్లాబుపై తెల్ల సున్నం. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకే తప్పనిసరి. పల్లెలో చిన్న ఇంటికి అది ఇష్టం. ఎండ మాత్రం అందరికీ తప్పనిసరే! ముగ్గు పోసేనాడే ఇంజినీర్లు ఈ నాలుగు మాటలు చెబితే, మంచాలు వాకిట్లోకి రావలసిన పని తగ్గుతుంది.